ఉమ్మడి కమాండ్ కొత్తదేం కాదు, అండమాన్‌లో ఎప్పుడో పెట్టాం

థియేటర్ కమాండ్ల (ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టడం) మాట వచ్చినప్పుడల్లా టీవీ చర్చల్లో అదేదో నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచన అన్నట్టు మాట్లాడుతుంటే ఒళ్లు మండుతుంది. కార్గిల్ యుద్ధం నేర్పిన పాఠంతో 2001లోనే పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీవిజయపురం) అండమాన్ నికోబార్ కమాండ్ పెట్టారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్ అన్నీ అక్కడ ఒకే కమాండర్ కింద పనిచేస్తాయి. ఆ పదవి మూడు దళాల అధికారులకూ దక్కుతూ వస్తోంది. ఇప్పుడు ఆ కమాండర్ జవాబు చెప్పుకోవాల్సింది సీడీఎస్‌కి (మూడు దళాలనూ సమన్వయపరిచే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్).

2004 సునామీలో కార్ నికోబార్ ఎయిర్‌బేస్ తుడిచిపెట్టుకుపోయింది. అంత దెబ్బ తిని కూడా ఓడలు, హెలికాప్టర్లు, జవాన్లతో సహాయ పనులు నడిపించింది ఈ కమాండే.

మరి దీన్ని చూసి మిగతావి ఎందుకు పెట్టలేదు? సొంత ఓడలు, విమానాలు ఇంకొకరి చేతికివ్వడానికి ఏ దళానికీ మనసొప్పలేదన్నది నా గట్టి నమ్మకం. అధికారాల సంగతే చూడండి. మొన్నమొన్నటి దాకా అక్కడ ఎయిర్‌ఫోర్స్ కుర్రాడు తప్పు చేస్తే, నేవీ నుంచి వచ్చిన కమాండర్ అతనిపై చర్య తీసుకోవడానికి వీలుండేది కాదు. ఆ పని అతని సొంత దళం అధికారులే చెయ్యాల్సి వచ్చేది. యుద్ధానికి పంపగలిగిన మనిషికి శిక్షించే అధికారం లేకపోయింది! దీన్ని సరిదిద్దే చట్టం 2023లో చేసి, 2024 మేలో అమల్లోకి తెచ్చారు. అంటే కమాండ్ పెట్టిన ఇరవై రెండేళ్లకు.

అవతల చైనా 2016లోనే తన సైన్యాన్ని ఐదు థియేటర్ కమాండ్లుగా మార్చేసింది. లడఖ్ నుంచి అరుణాచల్ దాకా మన సరిహద్దంతా వాళ్లకు ఒక్క వెస్టర్న్ కమాండ్ పరిధి. మన వైపు ఆర్మీకి ఉధంపూర్, లక్నో, కోల్‌కతాల్లో మూడు కమాండ్లు. ఎయిర్‌ఫోర్స్‌కి ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్, షిల్లాంగ్‌లలో ఇంకో మూడు. దేశం మొత్తం మీద మూడు దళాలూ విడివిడిగా నడిపేవి అన్నీ కలిపి పదిహేడు కమాండ్లు. రాత్రికి రాత్రి గొడవ ముదిరితే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ఎయిర్‌ఫోర్స్ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. ఉండాల్సినవి 42 ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల బృందాలు), ఉన్నవి అంతకంటే చాలా తక్కువ. వాటిని ముక్కలు చేసి పంచితే ఎక్కడా సరిపోవు, నిజమే. కానీ దానికి మందు విమానాలు కొనడం, అవసరాన్ని బట్టి ఒక థియేటర్ నుంచి ఇంకో థియేటర్‌కి మార్చే అధికారం పైన ఉంచడం. సంస్కరణను ఆపెయ్యడం కాదు. తొలి సీడీఎస్ బాధ్యతలు తీసుకున్న 2020 జనవరి నుంచి మూడేళ్లలో దళాల మధ్య ఏకత్వం తేవాలన్నారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఈస్టర్న్ నేవల్ కమాండ్ మన విశాఖలోనే ఉంది. అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. మలక్కా జలసంధి వైపు వెళ్లే ఓడల్లో చాలావరకు ఆ దీవుల పక్క నుంచే పోతాయి. అందుకే ముందు అండమాన్ కమాండ్‌కి పెద్ద యుద్ధనౌకలు, ఫైటర్ విమానాలు శాశ్వతంగా కేటాయించండి. మిగతా థియేటర్ల సరిహద్దుల మీద తర్వాత వాదించుకోవచ్చు. దీనికి ఇంకో కమిటీ రిపోర్టు అక్కర్లేదు.