సవరణ: స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి ఆపకండి

మొన్నటి పోస్టులో "కీళ్ల నొప్పి తగ్గాక ప్రెడ్నిసోలోన్ ఆపేయొచ్చు, ఒంట్లో కార్టిజాల్ ఎలాగూ తయారవుతుంది" అని రాశాను. అది తప్పు, చిన్న తప్పు కూడా కాదు. చదివి ఎవరైనా మాత్ర మానేసి ఉంటే ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

కార్టిజాల్ అంటే మన ఒంట్లోనే పుట్టే స్టెరాయిడ్ హార్మోన్, ప్రెడ్నిసోలోన్ దానిలాగే పనిచేసే స్టెరాయిడ్ మాత్ర. కార్టిజాల్‌ని తయారుచేసేది కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల పైపొర. మెదడు కింద ఉండే పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వస్తేనే అది ఆ పనికి కదులుతుంది. మనం రోజూ మాత్ర వేసుకుంటుంటే, రక్తంలో సరిపడా ఉందిలే అని పిట్యూటరీ ఆ కబురు పంపడం తగ్గించేస్తుంది (5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ దాదాపు 20 మిల్లీగ్రాముల కార్టిజాల్‌కి సమానం మరి), వారాల తరబడి పని లేక పైపొర కుంచించుకుపోతుంది. అప్పుడు మాత్ర ఒక్కసారిగా ఆపితే లోపల తయారయ్యేదీ చాలదు, బయటి నుంచి వచ్చేదీ ఉండదు. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, దానికి జ్వరమో ఆపరేషనో తోడైతే ప్రాణం మీదికే రావచ్చు. మూడు నాలుగు వారాలు దాటి వాడినవాళ్లు డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, గ్రంథి పూర్తిగా తేరుకోడానికి కొందరికి నెలలు పడుతుంది. నాలుగైదు రోజుల కోర్సుకైతే సాధారణంగా ఈ తంటా ఉండదు.

ఇంకోటి. అడ్రినలిన్‌ని కూడా స్టెరాయిడ్ అనేశాను, కాదు. అది అదే అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతుంది, స్టెరాయిడ్లేమో కొలెస్ట్రాల్ నుంచి పుడతాయి. ఒంట్లో ఉప్పు, నీళ్ల లెక్క చూసే ఆల్డోస్టిరాన్ మాత్రం స్టెరాయిడే, దాని ఊసే ఎత్తలేదు నేను.