కోచ్‌పై వేటు: గచ్చిబౌలి చెప్పే లెక్క

2020 జనవరిలో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ (ఎఫ్‌సీ) తన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సాగనంపినప్పుడు నగరంలో ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో అది క్లబ్బుకు తొలి సీజన్. 12 మ్యాచ్‌లకు 5 పాయింట్లు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆ రోజుల్లో కూర్చున్నవాళ్లలో నేనూ ఒకడిని. ప్రత్యర్థి మూడో గోల్ కొట్టేసరికి జనం లేచి బళ్ల దగ్గరికి నడిచేవారు. కోచ్ కన్నా ముందు మనమే వెళ్లిపోతున్నామని మాలో మేమే నవ్వుకునేవాళ్లం.

వేటు పడ్డాక మిగిలిన 6 మ్యాచ్‌లలో జట్టు మరో 5 పాయింట్లు తెచ్చుకుంది. లెక్క చూస్తే వేగం రెట్టింపయింది. కాబట్టి వేటు ఫలించిందని అప్పట్లో చాలామంది అన్నారు. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే. ఆ అయిదింటిలో మూడు పాయింట్లు చివరి మ్యాచ్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ జట్టుపై 5-1 గెలుపుతో వచ్చాయి. అప్పటికి ఆ రెండు జట్లకూ ముందుకు వెళ్లే దారి మూసుకుపోయింది. సీజన్ ముగిసేసరికి హైదరాబాద్ 10 పాయింట్లతో అట్టడుగునే ఉంది.

అయినా బ్రౌన్‌ను పంపడం సరైన పనేనని నేను ఇప్పటికీ అంటాను. కారణం మాత్రం ఆ 5 పాయింట్లు కావు.

సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చే అలవాటు మనకు ఐరోపా నుంచి వచ్చింది. అక్కడ దాని వెనక ఒక భయం ఉంది. ఇంగ్లండ్‌లో పట్టికలో చివరి మూడు స్థానాల్లో నిలిస్తే కింది లీగ్‌కు జారిపోవాలి, ప్రసారాల నుంచి వచ్చే కోట్ల ఆదాయం పోగొట్టుకోవాలి. 2016లో ఇంగ్లండ్ లీగ్ టైటిల్ గెలిచిన లెస్టర్ సిటీ, తొమ్మిది నెలలకే కోచ్ రనియేరిని తీసేసింది. మనుషులు అంత కృతఘ్నులుగా ఉంటారా అని లోకం విస్తుపోయింది కానీ, ఆ రోజుకు జట్టు ప్రమాద రేఖకు ఒక్క పాయింటు పైన వేలాడుతోంది. తర్వాతి కోచ్ షేక్‌స్పియర్ వరసగా 5 లీగ్ మ్యాచ్‌లు గెలిపించి గట్టెక్కించారు. 2017 అక్టోబరులో ఆయనకూ ఉద్వాసన పలికారు, అది వేరే సంగతి.

మన లీగ్‌లో హైదరాబాద్ ఆడిన 6 సీజన్లలోనూ ఆ భయమే లేదు. చివర నిలిచినా వచ్చే ఏడాది మళ్లీ అదే లీగ్, అదే మైదానం. అలాంటప్పుడు సీజన్‌ను కాపాడటానికి కోచ్‌ను మారుస్తున్నాం అనే మాటకు అర్థమేముంది? పదకొండో స్థానానికీ పన్నెండో స్థానానికీ తేడా పరువు ఒక్కటే. ఓడిపోతున్న సీజన్లో మిగిలిన మ్యాచ్‌లకు మన దగ్గర ఉన్న అసలు విలువ వచ్చే సీజన్‌కు సన్నాహంగానే. కాబట్టి ఈ కోచ్ ఇంకా గెలిపించగలరా అన్న ప్రశ్న కంటే, వచ్చే ఏటి జట్టును ఎవరు కడతారు, ఆ మనిషి ఇప్పుడే వచ్చి పని మొదలుపెట్టగలరా అన్నదే యాజమాన్యం తేల్చుకోవలసింది.

బ్రౌన్ విషయంలో దీనికి జవాబు సిద్ధంగా ఉంది. అంతకుముందు బెంగళూరును నడిపించిన ఆల్బర్ట్ రోకాను తర్వాతి సీజన్‌కు కోచ్‌గా క్లబ్బు అప్పుడే ప్రకటించింది. ఆ జనవరిలోనే లిస్టన్ కొలాసో లాంటి కుర్రవాణ్ణి తెచ్చుకుంది. తర్వాతి వేసవిలో ఆకాశ్ మిశ్రా చేరాడు. రోకా చివరికి మన కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా నడపలేదు, ఆగస్టులో బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయారు. ఆ ఖాళీలోకి సీజన్‌కు మూడు నెలల ముందు వచ్చిన మనిషి మనోలో మార్క్వెజ్. ఇంతవరకూ అదృష్టమే. కానీ దారి ముందే వేసి ఉంది కనుక బండి నడిపేవారు మారినా ఆగలేదు.

క్లబ్బులు కోచ్‌కు వీడ్కోలు చెబుతూ విడుదల చేసే ప్రకటనలు చదవడం నాకు అలవాటు. కృతజ్ఞతలు మొదటి వాక్యంలో, శుభాకాంక్షలు రెండో వాక్యంలో ఉంటాయి. మూడో వాక్యంలో తర్వాతి మనిషి పేరు ఉంటే అది నిర్ణయం. తాత్కాలిక బాధ్యతలు ఫలానా సహాయకుడికి అని ఉంటే అది కోపం.

కొత్త కోచ్ రాగానే జట్టు కోలుకుంటుందన్న నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ 1986 నుంచి 2004 దాకా నెదర్లాండ్స్ లీగ్ ఫలితాలను తిరగేశారు. వేటు పడిన జట్లు ఆ తర్వాత కోలుకున్న మాట నిజమే. కానీ అంతే దారుణంగా పడిపోయినా కోచ్‌ను మార్చని జట్లు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి. జ్వరం తనంతట తాను దిగబోయే రోజున వచ్చిన వైద్యుడికి హస్తవాసి మంచిదని పేరు రావడం లాంటిదే ఇది.

దీనికి ఉదాహరణ కోసం ఆమ్‌స్టర్‌డామ్ దాకా పోనక్కరలేదు. 2020-21 సీజన్లో మార్క్వెజ్ జట్టు మొత్తం ఓడింది మూడంటే మూడు మ్యాచ్‌లు. ఆ మూడూ డిసెంబరు నెలాఖరులో పది రోజుల తేడాలో, వరసగా. ముంబయి, కేరళ, గోవా. ముందు సీజన్ గాయం ఇంకా పచ్చిగా ఉంది, కొత్త కోచ్ కూడా అంతేనని గొణుగుడు మొదలైంది. యాజమాన్యం కదలలేదు. ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా జట్టు ఓడలేదు, 12 మ్యాచ్‌లు. మరుసటి ఏడాది, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు. కప్పు హైదరాబాద్‌కు వచ్చింది.

ఇక 2023-24. ఈ సీజన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మార్క్వెజ్ గోవాకు వెళ్లిపోయారు. ఆటగాళ్లకు జీతాలు అందలేదు. బకాయిల వల్ల కొత్తవారిని నమోదు చేయకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. కోచ్ కానర్ నెస్టర్ మధ్యలో వెళ్లిపోతే థంగ్‌బోయ్ సింగ్తో పగ్గాలు పట్టారు. అకాడమీ పిల్లలతో నెట్టుకొచ్చారు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఈ 8 పాయింట్లు కోచ్ ఖాతాలో రాయాలా? గార్డియోలా అంతటి కోచ్‌ను తెచ్చి నిలబెట్టినా, నెల జీతం రాని ఆటగాడి చేత ప్రత్యర్థి మీదికి ఉరికి బంతి లాక్కునే ప్రెసింగ్ చేయించగలరా?

అలాంటి శిథిలాల్లోంచి క్లబ్బు కొత్త యజమానుల చేతికి వచ్చింది. సింగ్తో కొనసాగారు. 2024-25లో తొలి 11 మ్యాచ్‌లకు 7 పాయింట్లు వచ్చేసరికి డిసెంబరులో ఆయనను పంపించారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే అదే. జట్టును కూర్చడానికి సరిగ్గా సమయమే చిక్కని మనిషిని ఫలితాల పేరుతో పంపడం. తాత్కాలికంగా షమీల్ చెంబకత్ వచ్చారు, మిగిలిన 13 మ్యాచ్‌లలో 11 పాయింట్లు. కాస్త మెరుగే. స్థానం పన్నెండు.

ఇది ఫుట్‌బాల్‌కే పరిమితమైన జబ్బు కూడా కాదు. 2021 ఐపీఎల్ మధ్యలో సన్‌రైజర్స్ వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించింది. ఆ సీజన్ 14 మ్యాచ్‌లలో 3 గెలుపులతో చివరి స్థానంలోనే ముగిసింది.

వేటుకు ఖర్చు కూడా ఉంటుంది. 2024 జూన్‌లో ప్రపంచకప్ అర్హత పోటీల నుంచి నిష్క్రమించాక జాతీయ కోచ్ స్టిమాచ్‌ను భారత ఫుట్‌బాల్ సమాఖ్య తొలగించింది. ఆయన ఒప్పందం 2026 దాకా ఉండటంతో చివరికి నాలుగు లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. ఆయన స్థానంలో వచ్చింది మన మార్క్వెజే. ఆ సెప్టెంబరులో భారత జట్టుతో ఆయన మళ్లీ గచ్చిబౌలిలో నిలబడ్డారు. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. కప్పు తెచ్చినప్పటి బుర్రే, ఒకనాటి సొంత మైదానమే. క్లబ్బులో ఆటగాళ్లు రోజూ ఆయన కళ్ల ముందు ఉండేవారు, జాతీయ జట్టులో ఏ కొన్ని రోజులకో చిక్కేవారు. 8 మ్యాచ్‌లలో ఒక్క గెలుపుతో 2025 జులైలో తప్పుకున్నారు.

ఈ ఊరి నుంచే వెళ్లి భారత జట్టుకు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సంగతి గుర్తు చేయకుండా ఉండలేను. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఈనాడైతే విమానం దిగకముందే వేటు పడేది. మనవాళ్లలో చాలామంది అక్కడ బూట్లు లేకుండా ఆడారు. సమాఖ్య తప్పును కోచ్ తలలో కాక ఆటగాళ్ల కాళ్లలో వెతికి బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్ దక్షిణ కొరియాకు 0-2తో అప్పగించి, ఫైనల్లో ఆ కొరియానే 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. రహీమ్ పేరు చెప్పి ప్రతి కోచ్‌కూ పదేళ్లు ఇవ్వాలనడం లేదు. మన చేత ఓపిక పట్టించి ఏమీ ఇవ్వకుండా పోయిన కోచ్‌లు రహీమ్‌ల కన్నా చాలా ఎక్కువ. డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ మాట ఎవరూ వినని స్థితి వస్తే ఏప్రిల్ దాకా ఆగడం కూడా దండగే. కానీ ఆ స్థితి వచ్చిందని చెప్పవలసింది ఆటగాళ్లు, పాయింట్ల పట్టిక కాదు.

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. బ్రౌన్, రోకా, మార్క్వెజ్, నెస్టర్, సింగ్తో, చెంబకత్. ఆరేళ్ల కోచ్‌ల పేర్లను గచ్చిబౌలి అభిమాని వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. యజమానుల పేర్లు అడిగితే మాత్రం చాలామంది తడబడతారు.