చెట్టు మందుకి పరీక్ష ఎక్కడ మొదలవ్వాలి?

2016 చివరి నెలల్లో ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లాలో పిల్లలు వరసగా చనిపోయారు. జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆ తర్వాత స్పృహ తప్పిపోవడం. మొదట అందరూ మెదడువాపు జ్వరమే అన్నారు, పందుల్ని ఊళ్లకి దూరంగా తరలించారు. కొందరు పిల్లల్లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (పందుల్లో పెరిగే వైరస్ దోమల ద్వారా సోకి వచ్చే మెదడువాపు) ఆనవాళ్లు దొరికిన మాటా నిజమే. కానీ వెల్లూరుకి చెందిన వైరాలజిస్టు డాక్టర్ టి. జేకబ్ జాన్ నాయకత్వంలో వచ్చిన నిపుణులు, చాలామంది పిల్లల విషయంలో అసలు కారణం వేరే ఉందని తేల్చారు. అది ఊరి చుట్టూ, రోడ్డు పక్కన ఎక్కడపడితే అక్కడ మొలిచే కసివింద. ఒడియా వాళ్లు బడ చకుండ అంటారు. ఆ గింజల్లో ఉండే ఆంత్రాక్వినోన్లు అనే విష పదార్థాలు తిండి చాలని పసివాళ్ల కాలేయాన్నీ కండరాల్నీ మెదడునీ ఒకేసారి దెబ్బతీస్తాయి.

ఇదే కసివింద ఆయుర్వేదంలో కాసమర్దం, దగ్గుకి మందు. ఆకు నూరి చర్మరోగాలకి పట్టు వేస్తారు. దీని మీద ల్యాబ్ పరిశోధనలకీ కొదవ లేదు. దీని ఆకు సారం ఎలుకల కాలేయాన్ని కాపాడిందని చెప్పే పేపర్లు మల్కాన్‌గిరి విషాదానికి ముందే ఉన్నాయి. అవి అబద్ధాలని నేననడం లేదు. ఆకు వేరు, గింజ వేరు. ఎలుకకి కొలిచి ఇచ్చిన మోతాదు వేరు, ఆకలేసిన పిల్లాడు గుప్పెట్లోకి తీసుకుని నమిలింది వేరు. కాకపోతే ఆ పేపర్లు చదివి "కసివింద కాలేయానికి మంచిది" అని ఎవరైనా అనుకుంటే తప్పు ఎవరిది?

ఔషధ మొక్కల పరీక్షల్ని మనం "గుణం ఉందా" అనే ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నాం. ఏ మొక్క, అందులో ఏ భాగం, ఎలా తయారు చేసి, ఎంత, ఎవరికి ఇస్తే హాని లేదు అనేది ముందు తేలాలి. కొరాపుట్, రాయగడ, గజపతి, మల్కాన్‌గిరి జిల్లాల్లో ఉంటున్న మనకి ఇది ప్రాణాల మీదకి వచ్చే విషయం.

జయపురం, రాయగడ, గుణుపురం సంతల్లో చూడండి. గోనెపట్టా మీద వేర్లు, బెరడు ముక్కలు, ఎండిన కాడలు, గింజలు కుప్పలుగా పోసి ఉంటాయి. పచ్చకామెర్లకి ఏముందమ్మా అని అడిగితే కొండ దిగి వచ్చిన ఆవిడ ఒక వేరు తీసి విరిచి వాసన చూపిస్తుంది. పరగడుపున కుంకుడు గింజంత నూరి మజ్జిగలో కలిపి తాగమంటుంది, ఉప్పు, నూనె మానేయమంటుంది. ఆ రెండు మాటల్లోనే మోతాదు, వేళ, అనుపానం, పథ్యం అన్నీ వచ్చేశాయి. తరాలుగా దిసారులు (కొండ గూడేల వైద్యులు), నాటు వైద్యులు కూడబెట్టిన పరిజ్ఞానం అది.

అదే వేరు ల్యాబ్‌కి చేరాక ఈ వివరాలన్నీ రాలిపోతాయి. నీడన ఆరబెట్టి, పొడి చేసి, సారం తీసే సాక్స్‌లెట్ పరికరంలో మిథనాల్ (తాగితే విషమయ్యే ఆల్కహాల్) పోసి గంటల తరబడి మరిగిస్తారు. ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున నల్లటి జిగురు మిగులుతుంది. దాన్ని డీపీపీహెచ్ అనే పరీక్షా రసాయనం కలిపిన ఊదా రంగు ద్రావణంలో వేస్తే ఊదా పోయి పసుపు తిరుగుతుంది. "యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉంది" అని రాసేస్తారు. టీ డికాక్షన్ వేసినా ఆ రంగు మారుతుంది! అగార్ పళ్లెంలో బ్యాక్టీరియా పెంచి, మధ్యలో చిన్న గుంట చేసి సారం పోస్తే చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. స్కేలుతో కొలిచి ఇన్ని మిల్లీమీటర్లు అంటారు. ముడి సారం మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల లోపే పనిచేస్తే ఆసక్తికరమనీ, 1 మిల్లీగ్రాము దాటితే పట్టించుకోనక్కర్లేదనీ ఈ రంగంలో చాలామంది ఒప్పుకున్న కొలత. చాలా పేపర్లలో వాడేది దానికి ఎన్నో రెట్లు. అంత గాఢత మన రక్తంలోకి ఎప్పటికీ చేరదు.

పైగా సంతలో ఆవిడ మిథనాల్ తాగమని చెప్పలేదు కదా. నేలవేములో చేదుకి మూలమైన ఆండ్రోగ్రాఫొలైడ్ నీళ్లలో సరిగా కరగదు, మిథనాల్‌లో బాగా కరుగుతుంది. మిథనాల్ సారం మీద వచ్చిన ఫలితాన్ని ఇంట్లో కాచుకునే కషాయానికి ఎలా అంటగడతాం? తయారీ పద్ధతిని గౌరవిస్తే ఏమవుతుందో చైనా శాస్త్రవేత్త తు యూయూ చూపించారు. మలేరియాకి పనికొస్తుందన్న మొక్కను వేడి చేసి తీసిన సారం నమ్మకంగా పనిచేయలేదు. పాత వైద్య గ్రంథంలో మరిగించమని లేదు, నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది. వేడికి మందు చెడిపోతోందేమోనని ఆమె తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. ఆర్టెమిసినిన్ అలా దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. మన దిసారి చెప్పే "పచ్చిగా దంచాలి", "పొయ్యి మీద పెట్టకూడదు" లాంటి మాటలు ప్రయోగం నోట్‌బుక్‌లో మొదటి పేజీలోనే ఉండాలి.

నేల ఉసిరి సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే కామెర్లంటే మన పక్క మొదట గుర్తొచ్చేది అదే. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉండిపోయిన వాళ్లకి నెల రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చారు. 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. మందు లేని ఉత్త మాత్రలు వేసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. నేల ఉసిరి జాతిలో ఒకేలా కనిపించే మొక్కలు చాలా ఉన్నాయి. మొక్క మారిందా, నేల మారిందా అన్న చర్చ చాలాకాలం నడిచింది.

ఇంకో చిక్కుంది. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే తగ్గిపోతాయి. మందు తగ్గించిందో, ఒళ్లే సర్దుకుందో మందు వాడని వాళ్లతో పోల్చి చూస్తేగానీ తెలీదు. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదకి రావచ్చు. వేరు మందు మీద భరోసాతో ఆమెని వారం రోజులు ఇంట్లో ఉంచితే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

జబ్బు ముదిరితే మనవాళ్లు విశాఖ కేజీహెచ్‌కి పరుగెడతారు. అక్కడ డాక్టర్ "ఏం మందు వాడారు?" అంటే "ఏదో ఆకు పసరు సార్" అని తల దించుకుంటారు. తిడతారేమోనన్న భయం ఒకటి, పేరు తెలియకపోవడం ఒకటి. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన కొందరి కాలేయం దెబ్బతిందని రాస్తే, అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రశ్నించింది. రోగి వాడిన మొక్క కొమ్మ ఒక్కటి ఎండబెట్టి హెర్బేరియం (మొక్కల నమూనాలు భద్రపరిచే) కాగితం మీద అంటించి ఉంటే ఆ ప్రశ్నకి అప్పుడే జవాబు దొరికేది.

ఇదంతా చేయడానికి కావలసినవి మన దగ్గరే ఉన్నాయి. జయపురంలో మొక్కలు, పంటల మీద పనిచేసే స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం, కొరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, 2017 నుంచి మెడికల్ కాలేజీ, అన్నీ గంట ప్రయాణం లోపే. మొక్కని గుర్తుపట్టేవాళ్లు, రసాయన పరీక్ష చేయగలిగేవాళ్లు, రోగిని చూసేవాళ్లు ముగ్గురూ ఒకే జిల్లాలో ఉండి ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఈ మూడింటినీ కలిపి ఒక పరీక్షా కేంద్రం పెట్టమని ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎందుకు అడగరు? భార లోహాల పరీక్ష అక్కడే జరగాలి. మన ఆయుర్వేద ప్రమాణాల ప్రకారం సీసం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది), కాడ్మియం 0.3 పీపీఎం దాటకూడదు. రోడ్డు వారన తవ్విన వేరు ఆ లెక్కలో ఉందో లేదో సంతలో ఎవరికి తెలుసు?

ఫలితం వెనక్కి రావడం అన్నిటికంటే ముఖ్యం. కేరళలో కాణి తెగవాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్క నుంచి తయారైన మందు మీద తనకి వచ్చే లైసెన్సు ఫీజు, రాయల్టీలో సగం వాళ్లకి ఇవ్వాలని అక్కడి పరిశోధనా సంస్థ 1990ల్లోనే ఒప్పుకుంది. 2023లో జీవవైవిధ్య చట్టానికి చేసిన సవరణ మాత్రం గ్రంథాల్లో నమోదైన పరిజ్ఞానం వాడుకునేవాళ్లని లాభం పంచే బాధ్యత నుంచి తప్పించింది. కొండ మీద దిసారి నోటితో చెప్పిన మందు ఏదో సంస్కృత గ్రంథంలో కూడా ఉందని చూపిస్తే ఇక ఆయనకి దక్కేదేమీ ఉండదు. అందుకే మొక్క తీసుకున్న రోజే ఎవరు చెప్పారో, ఏ ఊరో రాసుకుని గ్రామసభకి ఒక ప్రతి ఇవ్వాలి. పరీక్ష అయ్యాక ఒడియాలో, తెలుగులో ఒక పేజీ కాగితం ఆ దిసారికీ, దగ్గరి పీహెచ్‌సీకీ, ఆశా కార్యకర్తకీ చేరాలి. కామెర్ల మందులుగా సంతల్లో అమ్ముతున్న వేర్లతోనే ఈ పని మొదలుపెట్టాలి, అదీ వానాకాలం కామెర్లు మొదలయ్యేలోపే.