కిటికీలోంచి తువ్వాలు, ఇసుక మీద కుర్చీ

మార్చి నెల, టెక్సస్ స్కూళ్లకి స్ప్రింగ్ బ్రేక్ సెలవులు. ఆస్టిన్ నుంచి తోలుకొచ్చిన 25 అడుగుల అద్దె ఆర్వీతో, అంటే పడకా వంటా లోపలే ఉండే ఇల్లులాంటి బండితో, శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి పాడ్రే ఐలాండ్‌లోని మలకీట్ క్యాంప్‌గ్రౌండ్‌లోకి తిరిగాం. ఉన్నవి 48 సైట్లు, అంటే బండి ఆపుకుని బస చేసే గళ్లు. ఈ కొస నుంచి ఆ కొసకి ఒక చుట్టు, అనుమానం తీరక ఇంకో చుట్టు. అన్ని గళ్లూ నిండిపోయి ఉన్నాయి. ఒక్క గడిలో మాత్రం బండి లేదు, మనిషి లేడు. నీలం మడతకుర్చీ ఒకటి వేసి, గాలికి ఎగిరిపోకుండా దాని ఒళ్లో నీళ్ల క్యాను పెట్టారు. ఖాళీయేనా అని పక్క గడి పెద్దాయన్ని అడిగితే, "కాదు, మావాళ్లు దార్లో ఉన్నారు" అన్నాడు. మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. "ఇదేంటండీ, అచ్చం మన పల్లెవెలుగు బస్సే" అంది.

బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్న తరం మాది. ఆ విద్య మన ఒక్కరి సొత్తే అనుకునేవాణ్ణి. ముందొచ్చినవాడిదే జాగా అనే రూలు ఎక్కడుంటే అక్కడ తువ్వాలు కూడా పుడుతుందని ఆ సాయంత్రం తెలిసొచ్చింది. మనిషి లేకుండా సామాను పెట్టి జాగా ఆపకూడదని ఇలాంటి క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో నిబంధన ఉంటుంది. అయితే ఆరున్నర దాటాక పార్కు చూసుకునే రేంజర్‌ని వెతుక్కుంటూ వెళ్లి కుర్చీ మీద ఫిర్యాదు చేసే ఓపిక ఎవరికుంటుంది?

చోటు సంగతి కొంచెం చెప్పాలి. టెక్సస్ దక్షిణ తీరంలో, కార్పస్ క్రిస్టీ ఊరి దాపున మొదలై కిందికి సాగే సన్నటి ఇసుక దీవి ఇది. ఇటు మెక్సికో గల్ఫ్ సముద్రం, అటు లగూనా మాద్రే అనే ఉప్పునీటి కయ్య. 1962లో అధ్యక్షుడు కెనెడీ సంతకంతో ఇందులో పెద్ద భాగం నేషనల్ సీషోర్, అంటే జాతీయ తీర పార్కు, అయింది. దాదాపు 70 మైళ్ల తీరం. హోటళ్లూ బంగళాలూ లేకుండా ఇంత పొడవున మిగిలిన ఇలాంటి దీవి ప్రపంచంలో మరొకటి లేదంటారు. ఒకప్పుడు ఈ భూమి నికొలాస్ బాయీ అనే క్రైస్తవ గురువుది. పాడ్రే అన్న పేరు ఆయన వల్లే వచ్చింది. పోర్చుగీసువాళ్లు తెస్తే మనం పాదిరి చేసుకున్న మాట కూడా అదే. ఆ లెక్కన ఇది పాదిరిగారి దీవి.

ఇంకో మాట. సౌత్ పాడ్రే ఐలాండ్ అనే రిసార్టు ఊరు వేరు, ఇది వేరు. రెండింటి మధ్య మాన్స్‌ఫీల్డ్ ఛానెల్ అని తవ్విన కాలువ ఉంది, దాని మీద వంతెన లేదు. ఫోన్‌లో పేరు తప్పు కొట్టి ఆ కొసకి వెళ్లినవాళ్లు ఈ కొసకి రావాలంటే ప్రధాన భూభాగం మీదుగా మూడు గంటలకు పైగా చుట్టి రావాలి.

ఈ సీషోర్‌లో క్యాంపింగ్‌కి రిజర్వేషన్ లేదు. మలకీట్‌లో ముందొచ్చినవాళ్లకి గడి. కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు, స్నానానికి చన్నీళ్లే. మంచినీళ్లు పట్టుకోవడానికీ మురుగు ట్యాంకు ఖాళీ చేయడానికీ క్యాంప్‌గ్రౌండ్ మొగలో ఒక చోటుంది. లగూనా వైపు బర్డ్ ఐలాండ్ బేసిన్‌లో విండ్‌సర్ఫింగ్ వాళ్లు చేరతారు, అక్కడా అదే పద్ధతి. మూడోది సౌత్ బీచ్. అసలు విశేషం అదే. తారు రోడ్డు అయిపోయాక ఇసుక మీద 60 మైళ్లు బండి నడుపుకుంటూ పోవచ్చు, నచ్చిన చోట ఆపుకుని పడుకోవచ్చు. పార్కు ప్రవేశ రుసుం కడితే చాలు, క్యాంపింగ్ పర్మిట్ ఉచితం, మనమే రాసుకుని అద్దం దగ్గర పెట్టుకోవాలి. చట్టం దృష్టిలో ఆ ఇసుక టెక్సస్ హైవే కిందే లెక్క. లైసెన్సు, సీటు బెల్టు అన్నీ ఉండాలి. మొదటి అయిదు మైళ్లు మామూలు బండికీ లొంగుతుంది. ఆ తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ తప్పదు.

పక్కనే ఉన్న మస్టాంగ్ ఐలాండ్ స్టేట్ పార్కులో పద్ధతి వేరు. అక్కడ అయిదు నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. అంటే మార్చి సెలవుల జాగా అక్టోబరులోనే చేతులు మారుతుంది. తూర్పు తీరంలో, న్యూజెర్సీ తెలుగువాళ్లు అడవి గుర్రాల్ని చూడ్డానికి వెళ్లే అసటీగ్ దీవిలో మార్చి 15 నుంచి నవంబరు 15 దాకా ఆరు నెలల ముందే రిజర్వేషన్లు తెరుస్తారు. ముందొచ్చినవాళ్లకి జాగా అన్నది అక్కడ చలికాలపు మాట, అంటే వేళ్లు కొంకర్లు పోయే నెలల్లో. సమ్మర్ శనివారాలు కావాలంటే సరిగ్గా ఆరు నెలల ముందు తూర్పు అమెరికా టైము ఉదయం పదింటికి కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

ఈ అనుభవం మనకి కొత్త కాదు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే రోజున ఇంటిల్లిపాదీ తలో ఫోనూ పట్టుకుని కూర్చునే కుటుంబాలు ఎన్ని లేవు? వేలు చురుకు, నెట్టు చురుకు ఉన్నవాడికి టికెట్టు. మిగతావాళ్లకి సర్వదర్శనం కంపార్టుమెంట్లు. రిజర్వేషన్ అంటే మనకి సమన్యాయంలా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో తోపులాట కంటికి కనబడదు. తోపులాట ఉంది, తెర వెనక జరుగుతుంది, అంతే. 2022లో మోంటానా విశ్వవిద్యాలయం పరిశోధకులు జాతీయ పార్కుల్లోని కొన్ని క్యాంప్‌గ్రౌండ్లను తీసుకుని, ఫోన్ల లొకేషన్ సమాచారంతో ఎవరెక్కడి నుంచి వస్తున్నారో చూశారు. బుక్ చేసుకునే సైట్లకి వచ్చేవాళ్లు, ముందొచ్చినవాళ్లకిచ్చే సైట్లకి వచ్చేవాళ్లకంటే ఆదాయం ఎక్కువున్న ప్రాంతాల నుంచి వస్తున్నారని తేలింది. ఆరు నెలల తర్వాత ఏ శనివారం తనకి సెలవో ఇవాళే తెలిసినవాడు ఎవడు? నాలాంటి జీతగాడు. పెట్రోలు బంకులో వారం వారం షిఫ్టు మారే కుర్రాడికి వచ్చే గురువారం సంగతే తెలియదు.

అందుకని పాడ్రే పద్ధతే ధర్మం అని తీర్మానించేద్దామా? అక్కడే నాకు పేచీ. ముందొచ్చినవాళ్లకి అన్న రూలు డబ్బు అడగదు, నిజమే. బదులుగా మంగళవారం అడుగుతుంది. మంగళవారం పొద్దున పదింటికి సముద్రపు ఒడ్డున ఉండగలిగేది ఎవరయ్యా అంటే రిటైరైనవాళ్లు. ఉత్తరాది మంచు తప్పించుకుని మిన్నెసోటా, అయోవా లాంటి చోట్ల నుంచి చలికాలమంతా ఇక్కడికి దిగే పెద్దల్ని ఈ ప్రాంతంలో వింటర్ టెక్సన్లు అంటారు. మంచి మనుషులు. ఇసుకలో దిగబడితే తాడేసి లాగేది వాళ్లే, కాఫీ ఇచ్చేది వాళ్లే. కానీ మలకీట్‌లో ఒక మనిషి వరసగా 14 రోజులు ఉండొచ్చు. లెక్క వెయ్యండి. 48 గళ్లలోనూ 14 రోజులు ఉండేవాళ్లే ఉంటే, రోజుకి సగటున ఖాళీ అయ్యేవి మూడో నాలుగో. అదే హద్దు వారానికి కుదిస్తే రోజుకి దాదాపు ఏడు. మూడు రాత్రులకి కుదిస్తే పదహారు.

నా వాదన ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. మలకీట్‌ని రిజర్వేషన్‌లోకి నెట్టొద్దు. ఉద్యోగస్తుడికి ఆ 48 అందాలంటే మార్చిలోనూ, జనవరి ఫిబ్రవరుల్లోనూ బస హద్దుని మూడు నాలుగు రాత్రులకి తగ్గించాలి. అంతకుమించి ఉండాలనుకునేవాళ్లకి అవతల 60 మైళ్ల ఇసుక ఉంది. అక్కడి 14 రోజుల హద్దుని ముట్టుకోనక్కర్లేదు. దీనికి పెద్దల నుంచి అభ్యంతరం వస్తుందని తెలుసు. గడి మార్చడమంటే ఆ వయసులో బండి కింద జాకీలు ఎత్తడం, దించడం, పక్కన నీడకి కట్టిన తెర చుట్టడం, మళ్లీ మొదలు. కష్టమే. శుక్రవారం సాయంత్రం పిల్లల్తో వెనక్కి తిరగడమూ కష్టమే.

సౌత్ బీచ్ ఉండగా గోలేమిటి, పోయి ఇసుక మీదే పడుకోవచ్చుగా అని ఆ రోజు నాకూ అనిపించింది. తారు రోడ్డు అయిపోయే చోట బండి ఆపి, అద్దె ఒప్పందం తీసి చదివాను. ఎనిమిదో పేజీలో ఉంది: తారు లేని దారిలోకి దించితే ఇన్సూరెన్సు చెల్లదు, బండికి ఏమైనా ఖర్చంతా నాదే. తర్వాత ఇంకో రెండు కంపెనీల ఒప్పందాలు తెప్పించి చూశాను, అదే మాట. అంటే పాడ్రే ఇచ్చే ఆ పెద్ద వెసులుబాటు సొంత బండి ఉన్నవాడికే. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆర్వీని లాంగ్ వీకెండ్‌కి అద్దెకి తీసుకునేవాళ్లు. వాళ్లకి 60 మైళ్ల దీవి కాస్తా 48 గళ్లకి కుంచించుకుపోతుంది. అద్దె బండి తీసుకునేముందు ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి. ఎవరూ నోటితో చెప్పరు.

సొంత బండి అయినా ఇసుక ఊరికే వదలదు. నీళ్లకి దగ్గరగా తడిసి గట్టిపడిన పట్టీ మీద నడపాలి, టైర్లలో గాలి కొంత తీసెయ్యాలి, పోటు వేళలు చూసుకోవాలి. పోటు బాగా వచ్చినరోజు నీళ్లు ఇసుక తిన్నెల మొదలుదాకా వచ్చేస్తాయి. లోపలికి పోయేకొద్దీ ఫోను సిగ్నల్ పోతుంది. పార్కులో పెట్రోలు బంకు లేదు.

మరి గళ్లు ఇంకొన్ని కట్టొచ్చుగా అంటారా? కట్టకూడదు. కారణం తాబేలు. కెంప్స్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు ఏప్రిల్ నుంచి జూలై దాకా ఈ ఇసుకలో గుడ్లు పెడుతుంది. శ్రీకాకుళం తీరంలో, కాకినాడ హోప్ ఐలాండ్‌లో గుడ్లు పెట్టే మన ఆలివ్ రిడ్లీకి ఇది స్వయానా చెల్లెలు. 1985లో ప్రపంచం మొత్తం మీద దీని గూళ్లు 702 మాత్రమే. అంతకు ముందే 1978లో మెక్సికో నుంచి గుడ్లు తెచ్చి, ఈ ఇసుక అలవాటు చేసి వదలడం మొదలుపెట్టారు. ఆ పట్టుదల ఫలించి పెద్దయిన తాబేళ్లు ఇక్కడికే తిరిగొస్తున్నాయి. పైగా చాలా జాతుల్లా రాత్రిపూట కాక పట్టపగలే ఒడ్డెక్కుతుంది, సరిగ్గా బళ్లు తిరిగే వేళకి. కాబట్టి 48ని 480 చెయ్యడం దారి కాదు. ఉన్న 48 చురుగ్గా చేతులు మారాలి.

వెళ్లదలచినవాళ్లకి నాలుగు మాటలు. నవంబరు మొదలుకుని డిసెంబరు సగం దాకా మంచి కాలం, దోమలూ తక్కువ, పోటీ తక్కువ. మే దాటాక కరెంటు లేని గడిలో ఏసీ నడవాలంటే జెనరేటరే దిక్కు, రాత్రి దాన్ని ఆపాల్సిందే. అప్పుడు బండి ఆవిరి కుడుం పాత్ర. పొద్దున తొమ్మిదిన్నరకి, పదకొండుకి మధ్య చేరండి. ఖాళీచేసేవాళ్లు కాఫీలు తాగి తెరలు చుట్టే వేళ అది. సాయంత్రం చేరితే మాకు పట్టిన గతే. కార్పస్ క్రిస్టీ వైపు ప్రైవేటు ఆర్వీ పార్కు ఒకదాని నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ శుక్రవారం మేం పడుకున్నది అలాంటి చోటే. సముద్రం కనపడదు, వినపడదు. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క బండి అద్దం తగులుతుంది. ఇచ్చిన డబ్బుకి ఊళ్లో హోటలే వచ్చేది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి మళ్లీ మలకీట్ చేరాం. నీలం కుర్చీ ఉన్న గడిలో ఇప్పుడు రెండు పికప్‌లు, ఒక గుడారం, నిద్ర కళ్లతో నలుగురు కుర్రాళ్లు. వాళ్లని చూస్తే కోపం రాలేదు. మూడో వరసలో ఒక జంట మెల్లిగా సామాను సర్దుతోంది. బండి దూరంగా ఆపి, వాళ్లని తొందరపెడుతున్నట్టు కనపడకుండా తొందరపెట్టడానికి ఎంత దూరంలో నిలబడాలో తెలియక నేనూ మా అబ్బాయీ చేతులు కట్టుకుని సముద్రం చూస్తున్నట్టు నటించాం. పదకొండుకి పది నిమిషాల ముందు వాళ్లు కదిలారు. ఆ వెనకే మేం దూరాం.

దూరాక గుర్తొచ్చింది, మంచినీళ్ల ట్యాంకు అడుగంటింది. పట్టుకోవాలంటే బండి తీసి మొగదాకా వెళ్లాలి, పది నిమిషాల పని. ఆ చివర అప్పటికే తెల్లటి ఆర్వీ ఒకటి నెమ్మదిగా చుట్టు తిరుగుతోంది, ముందు సీట్లో ఇద్దరూ మెడలు సాచి గళ్లు చూసుకుంటూ వస్తున్నారు. నేను తాళం తిప్పేలోపు మా ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా వెనక తలుపు తీసి, మడతకుర్చీ దింపి, గడి నడిమధ్యన వేసింది.