మహారాజశ్రీ ‘నోరు కట్టుకోండి’ అనే సలహా గారి సముఖానికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నం మళ్లీ తమరి దర్శనమైంది. మానసిక జబ్బుకిచ్చే ఓలాంజపిన్ మొదలయ్యాక షుగర్ ఎందుకు ఎగబాకిందని అడగడానికి పూటంతా వరసలో కూర్చుంటే, జవాబుగా తమరొక్కరే వేంచేశారు. తూచింది లేదు, నడుము కొలిచింది లేదు. తమరుండగా అవన్నీ దేనికిలెండి!

తమకు తెలియనిదేముంది గానీ, చిన్న మనవి. ఓలాంజపిన్, అదే కోవకు చెందిన క్లోజపిన్ మెదడులో హెచ్1, 5-హెచ్‌టీ2సీ అనే గ్రాహకాలను, అంటే కబుర్లు అందుకునే తలుపులను, అడ్డుకుంటాయి. ఇక కడుపు నిండిన కబురు చేరాల్సిన చోటికి సరిగా చేరదు. భోంచేసి చెయ్యి కడుక్కున్న కాసేపటికే ఆకలి. నిజమైన ఆకలే, తిండియావ కాదు. పొయ్యిలో కట్టెలు ఎగదోసి, పొంగినందుకు పాలను తిట్టే పెద్దరికం తమరిది. అంతటితో అయిందా? ఇన్సులిన్ విడుదలకు సాయపడే ఎం3 గ్రాహకాలు క్లోమంలో ఉంటాయి, ఈ మందులు వాటినీ మూస్తాయి. కొందరికి బరువు పెరగకుండానే షుగర్ పెరగడానికి అదొక కారణమంటారు. నోరు కట్టుకుంటే క్లోమం తెరుచుకుంటుందా?

తమ తమ్ముడుగారు ‘పొద్దున్నే నడవండి’కీ నమస్కారాలు. రాత్రి మాత్ర మత్తు తెల్లారినా వదలదని, సాయంత్రం కూడా నడవొచ్చని ఆయనకెవరైనా చెబితే బాగుణ్ను.

కొలతల పద్ధతి కొత్తదేం కాదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తదితర సంఘాలు 2004లోనే రాసిపెట్టాయి: మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వులు చూడాలి. బరువు మళ్లీ 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి. మొదటి బరువు మీద 5 శాతం పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు పెరిగితే, మందు మార్చే ఆలోచన చేయాలి. షుగర్ జబ్బు ముందే ఉన్నవాళ్లు షుగర్ చూసుకోవడానికి అన్ని వారాలు ఆగకూడదు. ఇంట్లో మీటరుతో పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకోవాలి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చూపేది సుమారు మూడు నెలల షుగర్ సగటు కాబట్టి మొదటి నెల పెరుగుదల అందులో పూర్తిగా కనబడదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాటికి తోడు వాంతులు, ఆయాసం వస్తే ఆ రోజే ఆసుపత్రిలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) చూపించుకోవాలి. ఇందులో ఒక్క ముక్కయినా చీటీ మీద ఉందా?

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ సంగతి ఎత్తితే మనసు డాక్టరు షుగర్ డాక్టరు వైపు చూపిస్తారు, ఆయన ఈయన వైపు. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ చూసి, 500 మి.గ్రా. భోజనంతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోయే మాత్రకు ఇంత రాయబారమా!

చాలు, మర్యాదలు చాలు. నీ మాట విని, తప్పంతా తమ నోటిదేననుకుని మాత్రలు సొంతంగా మానేసేవాళ్లున్నారు. క్లోజపిన్ ఒక్కసారిగా ఆపితే జబ్బు తీవ్రంగా తిరగబెట్టవచ్చు. చివరి మాత్ర వేసుకుని 48 గంటలు దాటితే పాత డోసు వేసుకోకూడదు, డాక్టరు చూసి మళ్లీ 12.5 మి.గ్రా. నుంచి ఎక్కించాలి. ఇదంతా నీకు పట్టదు.

సరిగ్గా ఆలోచించే డాక్టరు దొరికి, ఆకలిని అంతగా రేపని ఆరిపిప్రజోల్ లాంటి మందుకు మెల్లగా మార్చారే అనుకో. ఆకలి తగ్గుతుంది. షుగర్ తగ్గించే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ డోసులు మాత్రం పాతవే ఉంటే షుగర్ 70 కిందికి జారవచ్చు. చెమటలు పడుతూ, చేతులు వణుకుతూ మనిషి 15 గ్రాముల గ్లూకోజ్ కోసం వెతుక్కునేవేళ కూడా నువ్వే ఎదురొచ్చి ‘నోరు కట్టుకోండి’ అన్నావంటే, ఈసారి రాసేది ఉత్తరం కాదు, ఫిర్యాదు.

ఇట్లు,
తమరి ఉచిత సలహా బాధితులు