సవరణ: ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ఏడాది ట్రైనింగ్ అక్కర్లేదు

లా డిగ్రీ తర్వాత ఏం చేయాలన్న గత పోస్టులో ‘సీనియర్ దగ్గర ఏడాది ట్రైనింగ్ చేశాకే ఎన్‌రోల్‌మెంట్’ (అంటే అడ్వొకేట్‌గా రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు) అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో అలాంటి నిబంధన తెచ్చిన మాట నిజమే. కానీ అడ్వొకేట్స్ చట్టం కౌన్సిల్‌కు ఆ అధికారం ఇవ్వలేదంటూ 1999లోనే సుప్రీంకోర్టు వి. సుదీర్ కేసులో దాన్ని కొట్టేసింది. ఇప్పుడు ప్రాక్టికల్ శిక్షణ కోర్సులోనే భాగం: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు. అందులో నిజంగా నేర్చుకునేది ఎంత, సర్టిఫికెట్ కోసం తిరిగేది ఎంత అన్నది వేరే చర్చ.

‘ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాసైతేనే ఎన్‌రోల్‌మెంట్’ అన్నది కూడా సరికాదు. మామూలుగా ముందు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవుతారు, ఆ తర్వాత పరీక్ష. పాసవడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, ఈలోగా ప్రొవిజనల్‌గా, అంటే తాత్కాలికంగా, ప్రాక్టీస్ చేసుకోవచ్చు. పరీక్షలో 100 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, నెగటివ్ మార్కుల్లేవు. నోట్స్ లేని బేర్ యాక్ట్‌లు (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) తీసుకెళ్లొచ్చు కాబట్టి మరీ టెన్షన్ పడక్కర్లేదు. అలాగని సెక్షన్ ఎక్కడుందో పరీక్ష హాల్లోనే వెతుక్కుంటామంటే టైమ్ చాలదు.

ఫీజు గురించి చాలామంది అడిగారు. సుప్రీంకోర్టు 2024 తీర్పు ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 దాటకూడదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కావాల్సిన మూడేళ్ల ప్రాక్టీసును ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కేయాలని 2025 మేలో అదే కోర్టు చెప్పింది.