గుండె పాఠానికి బ్యాండు మేళం

విద్యా సాఫ్ట్‌వేర్‌ను కొనేదొకరు, వాడేదొకరు. కొనేవారు చూసేది ఐదు నిమిషాల డెమో మాత్రమే. కాబట్టి పాఠాన్ని పిల్లల కోసం తయారుచేయడం వృత్తిధర్మానికే విరుద్ధం.

గుండెలో రక్తప్రసరణ పాఠమే తీసుకోండి. కుడి కర్ణిక పక్కనే 'కుడి కర్ణిక' అని రాయడం మరీ నాటు పద్ధతి. బొమ్మ మీద 1, 2, 3, 4 వేసి, పేర్లను స్క్రోల్ చేస్తే తప్ప కనపడని చోట పెట్టాలి. పిల్లవాడు అంకెలు మోసుకుంటూ పైకీ కిందికీ తిరుగుతాడు. రక్తం ఎటు పోతోందో చూసే తీరిక వాడికెక్కడిది?

యానిమేషన్ నడుస్తుండగా కింద నాలుగు వరుసల వాక్యాలు, వాటినే చదివే గొంతు తప్పనిసరి. బొమ్మా మాటా ఉన్నచోట అదే మాటను మళ్లీ తెర మీద పరిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చేసి మరీ చెప్పారు. కళ్లు అక్షరాల మీదుంటే కవాటం మూసుకోవడం ఎవరు చూస్తారు? వినపడనివారికి క్యాప్షన్లు కావాలి, నిజమే. ఆన్-ఆఫ్ బటన్ పెడితే సరిపోతుంది, కానీ బటన్లు తెర అందం చెడగొడతాయి. అందుకే పాజ్ బటన్ కూడా వద్దు. కర్ణిక నుంచి జఠరికకు రక్తం దిగేది రెండు సెకన్లే, చూసినవాడు చూస్తాడు.

గొంతు దానంతటదే మొదలవ్వాలి. తెరను ఒకసారి తాకేదాకా బ్రౌజర్ శబ్దాన్ని ఆపేస్తుంది, బొమ్మ మాత్రం ఆగదు. గొంతు కర్ణిక దగ్గర మొదలయ్యేసరికి రక్తం ఊపిరితిత్తులు చేరి ఉంటుంది. డెమో యంత్రంలో ముందే అనుమతి ఇచ్చి ఉంటారు గనుక ఈ సంగతి బయటపడదు.

ఇక బరువు. మాటను 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైలుగానే, ఏమాత్రం కుదించకుండా ఉంచాలి: నిమిషానికి సుమారు 10 ఎంబీ. కుదించి 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) మోనోలో పెడితే అర ఎంబీతో పోతుంది, కానీ అంత పిసినారితనం దేనికి? 400 పిక్సెళ్ల గడిలో 4000×3000 ఫోటో పెట్టండి. ఫైలు చిన్నగానే కనిపిస్తుంది. తెర మీద చూపడానికి దాన్ని విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 48 ఎంబీ మెమరీ తింటుంది. అలాంటివి ఒక పేజీలో పది పడితే చవక ట్యాబ్లెట్ చేతులెత్తేస్తుంది. తప్పు ట్యాబ్లెట్‌దే.

చివర క్విజ్. తప్పు జవాబుకు బాంబు పేలి ఎముకలు ఎగరాలి, సరైన జవాబుకు చిన్న టిక్ చాలు. పిల్లలు పనిగట్టుకుని తప్పులే నొక్కుతారు. ప్రశ్నకు ఇరవై క్లిక్కులు పడతాయి. వాటన్నిటినీ నివేదికలో 'ఆసక్తి' అనే శీర్షిక కింద చూపించాలి.